మూడో పిన్ను

గవర్నర్‌పేటలో మేడమెట్లెక్కి
కరిముల్లా కొట్టులోకి తలవంచుకుని దూరాను.
ఫ్యాను తిరుగుతోంది, గాలి రావడం లేదు.
టంకం పొగ మాత్రం నా వైపే వస్తోంది.

"ఒక గిటారు, రెండు యాంపులు," అన్నాను.
"వై కేబులుందిగా, నూట ఇరవై,"
తలెత్తకుండానే అన్నాడు.

అది నిరుడే కొన్నాను.
ఉన్న కాస్తా రెండింటికీ పంచి
రెండింటినీ ఆకలితో పడుకోబెట్టింది.
సన్నతీగల మెరుపు పోయి
నీళ్ళెక్కువైన మజ్జిగలా తేలిపోయింది గిటారు.
ఆపైన గుయ్‌మని హమ్ము,
కింది వాటా వాళ్ళ ఫ్రిజ్జు కూడా
మా బ్యాండులో చేరినట్టు.

"ప్లగ్గులో మూడో పిన్ను పీకేస్తే పోద్దంట."

అప్పుడెత్తాడు తల.
"పోద్ది. హమ్మూ పోద్ది, నువ్వూ పోతావు.
తడిచేత్తో తీగ పట్టుకుని
మైకుకి మూతి ఆనించిన రోజున."
ఎడమ బొటనవేలు చూపించాడు.
గోరు సగమే పెరుగుతుందట, పదకొండేళ్ళుగా.

అద్దాల బల్ల మీద మూడు పెట్టెలు.
మొదటిది ఎర్రది, తేలిక, తొమ్మిది వోల్టుల బ్యాటరీ.
స్వరానికి బలమిస్తుంది,
హమ్ముకీ అంతే ప్రేమగా ఇస్తుంది.
రెండోది పద్ధెనిమిది వేలు.
దాని గురించి మాట్లాడుకోలేదు.
మూడోది కరిముల్లా చేతిది:
ఆటోనగర్ రేకు, రంగు వెయ్యలేదు,
లోపల పాత సామాన్లలో దొరికిన
గుప్పెడు ట్రాన్స్‌ఫార్మరు.

"ఈ చుట్టకీ ఆ చుట్టకీ మధ్య తీగ లేదు, చూడు.
ఒకళ్ళనొకళ్ళు ముట్టుకోరు.
అయినా కబురందుద్ది."

దానికి తోడు ఇంకో చిన్న పెట్టె అడిగాను,
ఎదురు దారిలో పనిచేసేది.
"ఎదురు దారెందుకు?"
చెప్పాల్సి వచ్చింది.

గిటారు నాది కాదు.
పోయిన జూన్‌లో ఏసోబు గారు
కృష్ణలంకలో మా గదికొచ్చి
యాంపు లేకుండా, తిన్నగా కంప్యూటర్లోకి
పదకొండు నిమిషాలు వాయించి వెళ్ళారు.
ఎండు ధ్వని. కూర కలపని అన్నం.
యాంపుల సంగతి తర్వాత చూద్దాం లే అన్నారు.
ఆగస్టులో ఎడమచేతి రెండు వేళ్ళు మొద్దుబారాయి.
డాక్టరు ఏదో నరం పేరు చెప్తే
రాగం పేరులా రెండుసార్లు పలికి చూసి
ఊరుకున్నారు.

కరిముల్లా టంకం కడ్డీ పక్కన పెట్టాడు.
రెండో పెట్టెకి డబ్బు సగమే తీసుకున్నాడు.

బస్సు కాలువ వంతెన మీద ఆగింది.
ఇటు బందరుకి, అటు ఏలూరుకి
ఒక్క నీరే, వేరే వేరే ఊళ్ళ మాటలు మోస్తూ.
పెట్టెలు ఒళ్ళో వెచ్చగా ఉన్నాయి.

కంప్యూటరు గొంతు పెద్దది, ఎన్నికల మైకులాంటిది.
యాంపుకి అర్థమయ్యేది గొణుగుడు.
చిన్న పెట్టె దాన్ని అణచాలి, బెరుకు నేర్పాలి,
తీగ మీద ఇంకా వేలుందని
యాంపుని నమ్మించాలి.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయన్ని పిలిచాం.
ఒక యాంపు హాల్లో కుర్చీ మీద,
ఇంకోటి బాత్రూములో, పీట మీద, తలుపు ఓరగా.
మొదలెట్టగానే ఒకదాన్నొకటి మింగేశాయి,
మందర స్వరాలన్నీ మాయం.
పెట్టె పక్కన చిన్న మీట. కిందికి నొక్కాను.
నేల లేచి రొమ్ములోకి వచ్చింది.
హమ్ము లేదు. మూడు పిన్నులూ గోడలోనే ఉన్నాయి.

ఏసోబు గారు కళ్ళు మూసుకోలేదు.
ఎడమచెయ్యి మోకాలి మీద,
రెండు వేళ్ళు తీగలు వెతుక్కుంటూ,
రెండు చుట్టపుచూపుగా పక్కన పడుండి.

ఏడో నిమిషం దగ్గర ఆపమన్నారు.
"అక్కడ తప్పు మీటాను. వినపళ్ళేదా?"

వినపడింది. జూన్‌లోనే వినపడింది.
ఏ యాంపు మార్చినా పోయేది కాదది.
"తీసెయ్యనా?" అన్నాను.

ఆయన చాలాసేపు
బాత్రూము వైపు చూశారు.
"ఆ లోపలి దాంట్లో
కొంచెం గట్టిగా పెట్టు."