రెండు చెంబుల నీళ్లు

ఆదివారం గోపాలపురం ఒడ్డున
అల తోస్తే మోకాళ్ల మీద పడ్డాను, రీలుతో సహా.
సోమవారం బరంపురంలో
మగ్గం గుంటలోకి కాలు దించకముందే
పెరట్లో గోనె పరిచాను.

చేపల వాసన గడప దాటకూడదని తవిటమ్మ శాసనం.
కుళాయి నీళ్లు రెండు చెంబులు
లెక్కపెట్టి ఇచ్చింది.

ముందు డ్రాగ్ బిగించాను.
నీళ్లు పోశాను, ధారగా కాదు, చిలకరించినట్టు.
"జోరుగా కొట్టకు బాబూ,
ఉప్పుని లోపలికి తోలీసి కాపరం ఎట్టించినట్టవుతాది."
గనగళ్ల ఎర్రన్న మాట ఇది.
తెప్ప మీద పెరిగినవాడు, రీలు ముట్టనివాడు,
వేలికి చుట్టుకున్న తాడుతోనే సొర బరువు చెప్పేవాడు.
నా యంత్రాన్ని చూసి నవ్వుతాడు గానీ
దాని రోగాలన్నీ ఆయనకే తెలుసు.

పిడి ఊడదీశాను. దారం దొర్లే చిన్న చక్రం
కుర్రు కుర్రుమంటోంది, ఇసక.
నాడెకి రాసే నూనె ఒక్క బొట్టు, సూది మొనతో.
రెండో బొట్టు వేస్తే
దుమ్ముని పిలిచి పీట వేసినట్టే.
తిప్పాను. చప్పుడు లేదు.
ఆ చప్పుడు లేకపోవడానికి
ఒక పూట కూలి ఖర్చయింది.

గాలం కర్రకి ఎనిమిది రింగులు.
చీర అంచుకి మిగిలిన పట్టుపోగు
ఒక్కోదాంట్లో దూర్చి లాగాను.
నాలుగోది పోగుని పట్టుకుని వదల్లేదు.
కంటికి ఆనని బీట.
పోయిన నెల పండుగప్ప తెంపుకుపోతే
సముద్రాన్ని తిట్టాను.
నాసిరకం దారం అమ్మాడని
కొట్టు దండపాణి సాహుని కూడా తిట్టాను,
తెలుగులో కొంత, మిగతాది ఒడియాలో.
క్షమాపణ ఏ భాషలో చెప్పాలో చూడాలి.

ఇక దారం.
పైన వంద గజాలు ఎండకి వెలిసిపోయింది.
అడుగునున్నది, కొన్న రోజున చుట్టినది,
ఇంతవరకూ నీటి మొహం చూడలేదు.
తిరగేసి చుట్టాలి. అడుగు పైకి రావాలి.
అంత పొడుగు చేత్తో చుట్టడం ఎవరివల్ల?
నా కళ్లు రాట్నం మీద పడ్డాయి.
ఎక్కడ పడ్డాయో తవిటమ్మ చూసింది.

"చౌడమ్మ తల్లికి మొక్కి పసుపు రాసిన రాట్నం.
దానికి చేపల నూలు చుడతావేటి?"

నేనేమీ అనలేదు.
పిడిని మళ్లీ తుడిచాను, తుడిచిందే.

ఎండ గోడ దిగేసరికి
రాట్నం పెరట్లో ఉంది. ఎలా వచ్చిందో అడక్కండి.
నేను తిప్పుతున్నాను. ఆమె ఎదురుగా కూర్చుని
దారాన్ని చూపుడువేలికీ బొటనవేలి గోటికీ నడుమ
పారనిస్తోంది, ఇటు చూడకుండా,
గోడ అవతలి ఒడియా ఆవిడతో
ఉల్లిపాయల ధర మాట్లాడుతూ.
ముప్ఫై ఏళ్లు తెగిన పోగుల్ని అతికిన గోరు.

"ఆగు."
ఆగాను.
"ఇక్కడ తెగుతాది."
నాకేం కనబడలేదు. కళ్లద్దాలు పెట్టుకున్నా కనబడలేదు.
రెండు చేతులా గుంజాను.
ఆమె గోరు ఉన్నచోటే, పుటుక్కున.

ఇంకో చోట ఆగమంది. ఈసారి నేను గుంజలేదు,
కత్తెర ఆమే తెచ్చింది.
ముడి వెయ్యబోతే నా చెయ్యి తోసేసి
పడుగుపోగుకి వేసే ముడి వేసింది,
దారానికే తెలియనంత సన్నంగా.
ఉప్పునీళ్లలో అది జారుతుందేమోనని నా భయం.
పట్టులో జారలేదు కదా అని ఆమె ధీమా.
ఆదివారం తేలుతుంది.

చివర్న డ్రాగ్ పూర్తిగా వదులు చేశాను.
బిగువు మీద పడుకుంటే
లోపలి బిళ్లలు నలిగి అతుక్కుపోతాయట.
కర్రని పెరటి చూరులో దోపబోయి
ఆగి, గడప దాటించి,
మగ్గం పక్కన నిలబెట్టాను.
తవిటమ్మ చూసింది. చూడనట్టు వెళ్లి
దీపం కుందె తుడుచుకుంది.

కాసేపటికి చూపుడువేలు
నాలిక్కి తగిలించుకుని చూసింది.
"రెండు చెంబులూ దండగ," అంది,
"ఇంకా ఉప్పే."