ఖాళీ డిక్కీ

కుహ్మోలో ఎవర్నడిగినా చెప్తారు
ఈ చలికి ఆ ఎర్ర కారు పనికిరాదని.
వెనక చక్రాలు తోస్తే నడిచే బండి,
మంచులో దాని నడుము దాని మాటే వినదు.

తెల్లెర్వో కూడా వినదు.
డిక్కీలో రెండు రై పిండి బస్తాలు పడేసి
మేకుల టైర్ని బూటుతో ఓ తన్ను తన్ని
"ఎక్కు" అంటుంది.

పోయేటప్పుడు బానే ఉంటుంది.
బస్తాల బరువుకి కారు
నెలలు నిండిన మనిషిలా ఆచితూచి అడుగేస్తుంది.

బడి వంటింట్లో బస్తాలు దించాక ఉంది అసలు సంగతి.

మూడింటికే చీకటి.
సరస్సు మలుపులో తోక తప్పింది.
బిర్చ్ చెట్లన్నీ అద్దంలోకి అడ్డంగా వచ్చాయి.
నా కాలు నా వైపు లేని బ్రేకుని తొక్కేసింది.

ఆవిడ తొక్కలేదు.
తోక ఎటు పోతే అటే స్టీరింగు,
పెంకి దూడకి పలుపు వదులు చేసినట్టు.
కారు ఒక్క ఊపు ఊగి
రోడ్డుని గుర్తుపట్టింది.

చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.
వైపరు గరగరా గీసుకుంటోంది.

అప్పుడంది, ముందుకే చూస్తూ:
"వచ్చే వారం నువ్వు నడుపు.
వచ్చేటప్పుడు."