ఇంజన్ ఆగాక

కాశిమేడులో మూడున్నరకే ఐసు దంచుతున్నారు.
నైట్ డ్యూటీ మధ్యలో పర్మిషన్ పెట్టి,
యూనిఫాం మీదే చొక్కా తొడుక్కొని వచ్చాను.
పడవ పేరు స్టెల్లా మేరీ. నడిపేది దేశప్పన్.
"పులుపు తినబాక మేడం, ఎండు రొట్టె తిను.
కక్కేది ఎట్టాగూ కక్కుతావు."
పట్టపోళ్ళ తెలుగు, అరవం ఉప్పు తగిలి.

రేవు దాటేదాకా నీళ్ళు పాలు విరిగిన టీ.
లంగరేసిన సరుకు ఓడలు
ఓపీ బయట చీటీలు పట్టుకున్న వాళ్ళలా కదలవు.
ఎన్నూరు పొగగొట్టాలు వేళ్ళంత అయ్యాయి,
తర్వాత అగ్గిపుల్లలంత.
మేం నలుగురం. రెండు బైనాక్యులర్లు, ఒక అట్ట,
దానికి దారంతో కట్టిన పెన్సిలు.
ఎడమ వైపు తిలకవతి టీచర్‌ది, కుడి నాది.

ఆరుంపావు: ఏమీ లేదు.
ఆరుముప్పావు: ఏమీ లేదు.
ఏడుంపావు: తెల్లగా ఏదో, తేలుతూ, రెక్క లేపుతూ...
పాల కవరు.
ఏడున్నర: వాంతి చేసుకున్నాను. దానికి కాలమ్ లేదు.
నీళ్ళు నీలంగా ఎప్పుడు మారాయో
తల వంచుకుని ఉండి చూడనేలేదు.

తొమ్మిది దాటాక
థర్మోకోల్ పెట్టె మూత మీద ఒక పిట్ట.
కళ్ళకు నల్ల పట్టీ, పైన తెల్ల కనుబొమ్మ.
సీటు దొరికినా నిలబడే ప్రయాణించే మనిషిలా ఉంది.
పులికాట్‌లో మా అమ్మమ్మకి ఇలాంటివన్నీ రామదాసులే.
"రామదాసు, ఒకటి" అని రాశాను.
టీచరు కొట్టేసి పుస్తకంలో పేరు రాసింది.
కొట్టేసినా కింద కనిపిస్తూనే ఉంది.

ఆ వెనకే నల్లగా ఇంకొకటి
రెక్క కొసతో అలను కొలుచుకుంటూ
ఒక్కసారీ రెక్క ఆడించకుండా సాగిపోయింది.
దీన్నేమంటారు దేశప్పా?
"పేరు పెట్టలా. అది ఒడ్డుకు రాదు గదా,
పిలిచే పని పడలా."

పదకొండింటికి ఇంజన్ దగ్గి ఆగిపోయింది.
గొట్టంలో చెత్త. దేశప్పన్ లోపలికి దిగాడు.
తాడు కిర్రుమంటోంది, చెక్క కింద నీళ్ళు గుటకలేస్తున్నాయి.
అప్పుడు నా వెనక నుంచి

ఫుస్

ఆ చప్పుడు నాకు తెలుసు.
పన్నెండేళ్ళుగా రాత్రుళ్ళు చెవి దానికే అప్పగించి కూర్చుంటాను,
స్టాన్లీలో, వెంటిలేటర్ల మధ్య.
తెర మీద అంకె పడిపోక ముందే నాకు తెలిసిపోతుంది.
తిరిగి చూడకుండానే అన్నాను:
ముగ్గురు. ఒకరు చిన్నపిల్ల.
"ఓంగల్" అన్నాడు దేశప్పన్ లోపల్నుంచి.
అతనూ చూడలేదు.

బూడిద రంగు వీపులు, తడి మెరుపు, మళ్ళీ నీళ్ళు.
వీటికి ఊపిరి దానంతటదే ఆడదట,
ప్రతిసారీ గుర్తుపెట్టుకుని పైకి రావాలట,
నిద్రలో కూడా సగం మెదడు మేలుకునే ఉంటుందట. టీచరు చెప్పింది.
నైట్ డ్యూటీ అన్నమాట, అన్నాను. ఎవరూ నవ్వలేదు.
పిల్ల తల్లికంటే గబగబా తీస్తోంది.
వేలితో చెక్క మీద లెక్కపెట్టాను, అలవాటు.
నిన్న రాత్రి ఖాళీ అయిన పదకొండో మంచం
గుర్తొస్తుందేమో అనుకున్నాను.
వచ్చింది.
అయినా లెక్క తప్పలేదు.

ఇంజన్ అంటుకోగానే అవి లేవు.
"ప్రవర్తన" అన్న గడిలో ఏం రాయాలో
ఒడ్డు చేరేదాకా తేలలేదు.
దేశప్పన్ డీజిలు లెక్క చెప్పాడు. నాలుగు వందలు తక్కువ పడ్డాయి.
చేపల వేలం అయిపోయింది,
గంపల కింద పిల్లులు మిగిలాయి.
రాయపురం బస్టాపులో గోడ పట్టుకుని నిలబడ్డాను,
నేల ఇంకా ఊగుతోంది.

రాత్రి ఎనిమిదికీ ఊగుతూనే ఉంది.
పదకొండో మంచం పట్టె పట్టుకుని ఆగాను.
కొత్తగా వచ్చిన పెద్దాయన,
గొంతులో గొట్టం, అందుకని కళ్ళతో
ఏంటమ్మా అన్నాడు.
ఏం లేదు తాతా, అన్నాను.
పొద్దున సముద్రంలోకి వెళ్ళొచ్చా.