తిప్పని పేజీ

నొషిరోలో మధ్యాహ్నం ఆట.
ఏడుగురం, ఒక హీటరు.
బయట సముద్రం మీంచి వచ్చిన మంచు
సైకిలు సీట్లకు టోపీలు పెడుతోంది.

తెర మీద ఆమె వస్తోంది.
ఆ జుట్టు నాది.

నా తలది కాదు, నా చేతిది.
నలభై ఏళ్ల కిందట టోక్యోలో
బియ్యం కొట్టు మీది అద్దెగదిలో
ఇరినో గారు మొహం గీసి
కాగితం నా వైపు తోసేవారు.
"కొజుఎ, జుట్టు."
అంతే. రాత్రి మొదలు.

పాళీ సిరాలో ముంచి
నడినెత్తి నుంచి నేల దాకా
ఒక్కో వెంట్రుకా ఊపిరి బిగబట్టి లాగేదాన్ని.
ఊపిరి వదిలితే గీత వణుకుతుంది.
వణికితే అది బతికున్నవాళ్ల జుట్టు.
నడివేలి మీద కాయ ఇంకా ఉంది,
బియ్యపు గింజంత.

ఈ సినిమాలో జుట్టు దానంతటదే పాకుతోంది,
మెట్లు దిగుతోంది, కుళాయిలోంచి కారుతోంది.
అబద్ధం ఎందుకు, నాకంటే బాగా చేశారు.
అయినా నా అరచేతులు పొడిగానే ఉన్నాయి.

ఎందుకో తలుపు దగ్గర తెలిసింది.

మా కథలో తమ్ముడు
జారుడు తలుపు మీద చెయ్యి వేస్తాడు.
ఎడమ పేజీ, అడుగున, చివరి గడి.
అక్కడ ఆపేసేవారు ఇరినో గారు.
తెరవాల్సింది తమ్ముడు కాదు,
చదివేవాడి బొటనవేలు.
"మనం ఎవర్నీ చంపం కొజుఎ,
పేజీ తిప్పినవాడే చంపుతాడు" అని
చల్లారిన నూడుల్స్ జుర్రుకుంటూ నవ్వేవారు.

ఒకసారి ఓ కుర్రాడి ఉత్తరం వచ్చింది, పెన్సిలుతో:
"మూడు రోజులుగా తిప్పలేదు.
తమ్ముడు ఇంకా బతికే ఉన్నాడు కదా?"
ఆయన దాన్ని దీపం కింద పెట్టుకుని
చాలాసేపు ఏమీ గీయలేదు.
సంపాదకుడు మా గుమ్మంలోనే
చెప్పులు తల కింద పెట్టుకుని నిద్రపోయాడు.

ఇక్కడ ఎవరి బొటనవేలూ అక్కర్లేదు.
తలుపు తెరుచుకుంది.
తమ్ముడు పోయాడు, సంగీతంతో సహా.

ముందు వరసలో ఓ పిల్ల
మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంది,
వేళ్ల మధ్య సందులు వదిలి.
కాస్త చూసి, మూసి,
ఇంకాస్త చూసి.
అప్పుడు పాకింది నా వెన్నులో చలి,
ఈ రోజంతటికీ మొదటిసారి.

చివర్లో పేర్లు పైకి ఎక్కాయి.
ఒక్క జుట్టుకే పదకొండుమంది.
ఎవర్నీ ఎరగను.
వేళకు తిన్నారో లేదో, పాపం.

బయటికి పోయే తలుపు కూడా జారుడుదే.
అద్దానికి అవతల అంతా తెలుపు,
గడికీ గడికీ నడుమ మేం వదిలేసే తెలుపు.
దాంట్లో ఏమీ గీసేవాళ్లం కాదు.
జరిగేదంతా దాంట్లోనే జరిగేది.

చెయ్యి వేశాను.
"గట్టిగా లాగండి బామ్మగారూ,
మంచుకు బిగుసుకుంటుంది"
అన్నాడు టికెట్ల కుర్రాడు.

తెలుసు బాబూ.
కాసేపు ఉండనీ.