గంజి పని

మా పెరటి గోడ అవతల
కర్రపెండలం తొక్కల గుట్ట.
నేను కాపురానికి వచ్చిన ఏడు మోకాలెత్తు,
ఇప్పుడు నాకంటే పొడుగు.
వానాకాలం దాని పులిసిన వాసన
కూరల్లోకి దిగుతుంది, నిద్రలోకి దిగుతుంది.
ఇబిరొంకే ఇల్లెక్కడని అడిగితే
ముక్కు చెప్పినట్టు పో అంటారు
అబెయొకూతాలో.

దుంప తురిమి, మూటగట్టి, మీద రాయెత్తితే
తెల్లనీళ్ళు కాలవలో పడతాయి.
ముప్పై ఏళ్ళుగా పడుతున్నాయి.
అక్క కూతురు అబియోనా
పాలిటెక్నిక్ సెలవులకొచ్చి
ఆ ధారకు అడ్డంగా బకెట్ పెట్టింది.
"పిన్నీ, ఏం పారబోస్తున్నావో తెలుసా?"
"నీళ్ళు."
"తెల్లారనీ."

తెల్లారింది. బకెట్ అడుగున
బొటనవేలు మందాన తెల్లటి ఒండు.
నొక్కితే కిర్రుమంది.

ఆ వారమే నా గారీ పెనం ఒకటి మాయం.
సబ్బుల ముసలాయన దగ్గర అరువుకు గ్లిజరిన్,
సీసాడు వెనిగర్,
ఎండబెట్టి దంచిన తొక్కల పీచు.
కొలతలు నాకు చెప్పదు, నోటుబుక్కుకు చెబుతుంది.
కలుపుతుంటే తెలుపు మసకై, మసక గాజై
గరిటెను పట్టుకు వేలాడుతుంది
బడికి పోనని గుంజను కావలించుకున్న పిల్లాడిలా.
పాత కిటికీ అద్దం మీద పరిచి ఎండకు పెట్టింది.

మొదటి రేకు మేక తినేసింది.
మేకకు చెరో పక్కన కూర్చున్నాం,
చస్తుందేమోనని ఒకరం, మేకకెంతవుతుందోనని ఒకరం.
పొద్దుగూకే వేళకు అది అద్దం నాకుతోంది,
ఇంకేమైనా ఉందా అని.
"రాసుకో" అన్నాను.
రాసుకుంది.

రెండోది హర్మటాన్ గాలికి
నవ్వబోయిన పెదవిలా చిట్లింది.
నాలుగోదానికి బూజు.
మిగతావి నాకు గుర్తులేవు, దానికి గుర్తే.
పదకొండోది సంచీ అయింది.
ఇటోకు బజారు నుంచి ఉప్పు పోయించుకు తెచ్చింది,
ఒక్క గల్లు రాలలేదు.

ఆ ధైర్యంతోనే పోయింది సొవాండే దగ్గరికి,
నీళ్ళ పొట్లాల వ్యాపారి.
ఆయన సంచీలో నీళ్ళు పోయించి
గడియారం చూస్తూ నిలబడ్డాడు.
సంచీకి చెమట పట్టింది, పొట్ట సాగింది,
పావుగంటకు ఆయన బూట్ల మీదకు జారింది.
"ఇది సంచీ కాదు తల్లీ, సూపు."
గుమాస్తాలు కూడా నవ్వారట.
ఆయన వెనక మురిక్కాలవలో
నిరుడు అమ్మినవి, ముందటేడు అమ్మినవి
పేరు చెరగకుండా, అంచు నలగకుండా
గుంపుగా కూర్చుని చూస్తున్నాయి.

ఆ రాత్రి అది అన్నం తినలేదు.

మా అమ్మ అద్దకం మనిషి.
కోడి ఈకను గంజిలో ముంచి
తెల్లగుడ్డ మీద పక్షుల్ని గీసేది, తేళ్ళను గీసేది.
ఈ దుంప గంజే.
నీలికాగులో ముంచి, ఆరేసి, మళ్ళీ ముంచి
చివరికి గంజిని గీకి పారేసేది.
గంజి పోయేది. అది కాపలా కాసిన చోట
పక్షి మిగిలేది.
"గీకినా పోకపోతే?" అన్నాను ఓసారి.
"గుడ్డ పాడైనట్టే" అంది అమ్మ, తలెత్తకుండా.

ఇది అబియోనాకు చెప్పలేదు.
ఓదార్పు అనుకుంటుంది, దానికి ఓదార్పంటే మంట.
పొద్దున్నే నారుమడి మోరొలాకే దగ్గర
కోకో మొలకొకటి అడిగి తెచ్చాను,
నల్ల ప్లాస్టిక్ సంచీలో.
నాటేముందు దాన్ని బ్లేడుతో చీరాలి,
ఎంత పైపైన చీరినా
ఒకటో రెండో వేళ్ళు తెగుతాయి.
"నీ సూపులో మట్టి పోసి చూడు" అన్నాను.
నా వైపు చాలాసేపు చూసింది.

గోడవార సంచీతో సహా పాతేసింది.
మూడు వానలు కురిశాయి. నాలుగోదాని తర్వాత
ఓపిక పట్టలేక మట్టిలో వేలు పెట్టి వెతికింది.
సంచీ తగల్లేదు.
సన్నగా, చల్లగా ఇంకేదో తగిలింది.
వేలు అక్కడే ఉంచి నన్ను కేకేసింది.

గుట్ట తగ్గిందా అంటే లేదు,
ఇప్పటికీ నాకంటే పొడుగే.
బకెట్లు రెండయ్యాయి.