ఒక్క మాట

సొహార్ రేవులో రాత్రి రెండు దాటింది.
మూడు సర్వర్లు, ఒకటే లెక్క.
ఏ కంటైనర్ ఎక్కడ దిగిందో
మూడూ ఒప్పుకుంటేనే అది దిగినట్టు.

మూడోది వెనకబడింది.
పదహారు పద్దులు పేరుకునేదాకా ఓర్చుకుని
"ఆగు" అంటుంది.
మిగతా రెండూ
నోటి దగ్గర ముద్ద ఆపినట్టు ఆగిపోతాయి.
బయట క్రేన్ కొక్కేనికి
నలభై అడుగుల పెట్టె, ఉక్కపోతలో వేలాడుతూ.

"తీసి పారెయ్, రెండు చాలవా?"
మస్కట్ నుంచి ఫోన్లో హిలాల్.
చాలవు. ఆ రెండింటికీ మాట తేడా వస్తే
తీర్పు ఎవరు చెప్తారు?

హద్దు నూట అరవైకి పెంచాను.
"ఆగు"లు తగ్గాయి, వరస పొడుగైంది.
ఇప్పుడది అడిగినవాళ్లకల్లా
ఇందాకటి సంగతులే చెప్తోంది,
లారీ ఎక్కి వెళ్లిపోయిన పెట్టె
ఇంకా యార్డులోనే ఉందంటోంది.
అరవై నాలుగుకి దించాను.
నలభైకి.

చివరికి లేచి వెళ్లి, తలుపు తీసి చూశాను.
ఫ్యాన్ రెక్కల నిండా ఇసుక,
ఒళ్లంతా కాలిపోతోంది.
ఖాలిక్ బ్రష్ తెచ్చేలోపు
మా టెక్కలి మాటలో కసిరాను:
"ముందే సెప్పొచ్చు కదేటి?"

చెప్పింది, రాత్రంతా.
దానికి వచ్చిన మాట అదొక్కటే.