కాలవ మీద చెక్క

మొదట రెండువందల ఎనిమిది అంది సాఫ్ట్‌వేర్.
అంత వేగంగా కొట్టాలంటే మాలకొండయ్యకి
ఇంకో జత చేతులు మొలవాలి.
సగానికి తగ్గించాను. నూట నాలుగు.
అప్పుడు కుదురుకుంది,
బస్సులో సీటు దొరికిన మనిషిలా.

ఒంగోల్లో, కర్నూలు రోడ్డు మీద, టైర్ల షాపు పైన
గుడ్ల అట్టలు అంటించిన గది మాది.
కింద వాళ్లు రిమ్ము మీద సుత్తి వేసినప్పుడల్లా
మా తాళంలో ఒక దెబ్బ ఎక్కువ.
ఖాజావలి పెన్‌డ్రైవ్ ఇచ్చి పోయాడు:
మొన్న పీర్ల పండక్కి కొత్తపట్నం దగ్గర
ఫోన్లో పట్టిన డప్పు.
"శుభ్రం చెయ్ అమ్మాయ్. దీని మీద కీబోర్డు ఎక్కాల."

శుభ్రం చేశాను.
సముద్రపు గాలి తీసేశాను, ఎవరిదో దగ్గు తీసేశాను.
గీత మీద లేని ప్రతి దెబ్బనీ
చెవి పట్టుకుని గీత మీదికి లాగాను.
ముప్పై ఆరు బార్ల దాకా బుద్ధిమంతుడే,
వెంట్రుకవాసి ముందు, వెంట్రుకవాసి వెనక.
ముప్పై ఏడులో జారాడు.
నూట నాలుగు కాస్తా ఎనభై, డెబ్బై ఒకటి,
ఒకచోట అసలు దెబ్బే లేదు,
ఉన్నట్టుండి నూట పన్నెండు.
ముసలి మణికట్టు కదా అనుకున్నాను.
అన్నీ ఎంచుకుని ఒక్క మీట నొక్కాను.
ఇస్త్రీ పెట్టినట్టయింది.

ఆదివారం మాలకొండయ్యే వచ్చాడు
చెప్పులు మెట్ల కింద వదిలి.
హెడ్‌ఫోన్స్ వద్దన్నాడు, చెవులు మూస్తే వినపడదట.
స్పీకర్లో పెట్టాను.
మోకాలి మీద వేళ్లు కదిలాయి.
ముప్పై ఏడు దగ్గర వేళ్లు ఆగాయి,
డప్పు ఆగలేదు.
"ఇంకేముంది," అన్నాడు,
"మీరావలి కాలవలో పడ్డాడు."

మీరావలి ఎవరని అడిగాను.

"పీరు ఎత్తుకున్నోడమ్మా. ఒంట్లో పూనకం, కళ్లు మూతలు.
బకింగ్‌హాం కాలవ దాటడానికి ఉండేది ఒకటే చెక్క.
అది యాడుందో వాడి కాళ్లకి చెప్పేది నేనే.
ఒకటి... పెట్టు.
రెండు... ఉండు, చెక్క ఊగతా ఉంది.
నడిమధ్యన కొట్టను. కొడితే అడుగేస్తాడు.
గట్టెక్కినాక ఉరికించాల, ఉప్పుమళ్ల దాకా."

చేసిందంతా వెనక్కి, వెనక్కి నొక్కుకుంటూ పోయాను.
గాలి తిరిగొచ్చింది. దగ్గు తిరిగొచ్చింది.
ఈసారి దెబ్బల జోలికి పోలేదు,
గీతల్ని కదిపాను.
ఒక్కోదాన్నీ మోసుకెళ్లి
అతని దెబ్బ కింద నిలబెట్టాను.
రాత్రి పదిన్నరైంది. టైర్ల షాపు షట్టరు దించేశారు.
తెర మీద గీతలు ఒకచోట ఒత్తుగా, కాలవ దగ్గర ఎడంగా,
నీళ్లు తన్నుకుపోయిన నాటుమడిలా.
టెంపో ఎంతో చూపించే డబ్బాలో
ఇప్పుడు ఏ అంకే నిలవడం లేదు.

కీబోర్డు ప్రభుదాసు గోలపెట్టాడు:
"ఇది తిన్నగా లేదక్కా, ఎట్టా వాయించేది?"
నాలుగు టేకులు పాడుచేశాడు,
నాలుగుసార్లూ ముప్పై ఏడులో ముందే దూకాడు.
ఏం చెప్పాలో తెలియక
మీరావలి సంగతి చెప్పాను.

ఐదోసారి గాజు కిటికీలోంచి చూస్తే,
చేతులు గాల్లో ఆపి
స్టూలు కింద కుడికాలు ముందుకు చాచి
బొటనవేలితో
నేలని వెతుక్కుంటున్నాడు.